నాన్న వండిన పథ్యం

పాప పుట్టిన పదకొండో రోజున మా నాన్న అరకులో రైలు దిగాడు. స్టేషన్ నుంచి మా ఇంటికి ఆటోలో పది నిమిషాలు. ఆయన ఆటో ఎక్కలేదు. ముప్పై ఏళ్లు పట్టాల వెంట నడిచిన మనిషికి ఈ కాస్త దూరానికి ఆటో ఎందుకని నడిచే వచ్చేశాడు. గేటు చప్పుడుకి నేను మంచం మీద నుంచే తల తిప్పి చూశాను. ఒక భుజానికి పాత ఖాకీ సంచి, చేతిలో గోనెసంచిలో చుట్టిన కుక్కరు, చంకలో గుడ్డల మూట. చెప్పులు బయట విప్పి, కాళ్లు కడుక్కుని, పాప వైపు రాకుండా నేరుగా వంటగదిలోకి వెళ్లిపోయాడు.

"పాపని చూడవా నాన్నా?" అన్నాను.

"రైల్లో ఒళ్లంతా దుమ్మమ్మా. తానం సేసొచ్చి సూత్తాను" అన్నాడు లోపల్నుంచి.

స్నానం చేసి, ఉతికిన లుంగీ కట్టుకుని, చేతులు వెనక్కి పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. పాప నిద్రపోతోంది. చాలాసేపు వంగి చూశాడు. వేలితోనైనా ముట్టుకోలేదు. "బాగుంది" అన్నాడు చివరికి, ఇంకేం అనాలో తెలియనట్టు. తర్వాత మూట విప్పి రెండు పాత నూలు చీరలు నా పక్కన పెట్టాడు. అమ్మవి. మెత్తగా ఉతికి, ఎండబెట్టి, మడతపెట్టి తెచ్చాడు. ఒకటి ఉయ్యాలకి, ఒకటి చింపి పాప కింద వేయడానికి. వాటిని నేను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ రాలేదు.

మా వైపు తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. నాకు పుట్టిల్లంటూ లేదు. నేను బి.ఎడ్. చదువుతుండగా అమ్మ పోయింది. నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా రిటైరై, క్వార్టరు ఖాళీ చేసి, శృంగవరపుకోటలో ఒక గది అద్దెకు తీసుకుని ఒక్కడే ఉంటున్నాడు. అత్తగారు వద్దామనే అనుకున్నారు గానీ ఆవిడకి మోకాలికి ఆపరేషనై నెల కూడా కాలేదు. మా ఆయన కాఫీ గింజలు కొనే కంపెనీలో పని చేస్తాడు. కాఫీ పళ్లు ఎర్రబడే రోజులు దగ్గరకొచ్చాయంటే ఆయన చింతపల్లి వైపు తోటల్లోనే ఉండాలి. ఆదివారం పొద్దున వచ్చి, సోమవారం తెల్లారకుండానే జీపెక్కేస్తాడు. నేను ఇక్కడి ఆశ్రమ పాఠశాలలో టీచర్ని. దసరా సెలవుల్లో విశాఖపట్నంలో ఆపరేషన్ చేసి పాపని తీశారు. కుట్లు ఇంకా లాగుతుండగానే కారులో ఘాట్ రోడ్డు ఎక్కి వచ్చాం. ప్రతి మలుపులోనూ నేను పొట్ట పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

ఎవరినైనా పనికి పెట్టుకుందామని నాన్నకి ఫోన్లో చెప్పాను. "నాను రానా మరి?" అన్నాడు.

"నువ్వొచ్చి ఏం చేస్తావు నాన్నా?"

"వండుతాను."

అలా వచ్చాడు. వచ్చిన మధ్యాహ్నమే సంచిలోంచి నూరు పేజీల నోటుబుక్కు ఒకటి తీసి, కళ్లజోడు పెట్టుకుని నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. శృంగవరపుకోటలో తన వీధిలో ఉన్న ఆడవాళ్లందరినీ అడిగి బాలింతకి ఏం పెట్టాలో, ఏం పెట్టకూడదో రాసుకొచ్చాడట. ఆయన చేతిరాత నాకు తెలుసు. పెద్ద పెద్ద అక్షరాలు, ఒక్కోటి విడివిడిగా. మొదటి వారం వెల్లుల్లి కారం, నువ్వుల నూనె, కరివేపాకు పొడి. రెండో వారం నుంచి బీరకాయ, పొట్లకాయ. మునగాకు వేపుడు. పాలు పడటానికి సొరచేప పిట్టు. పొద్దున్నే కాయం ఉండ, అంటే శొంఠి, పిప్పళ్లు, మిరియాలు దంచి బెల్లం పాకంలో కలిపింది. ఒకావిడ కందిపప్పు పెట్టమంది, ఇంకొకావిడ పెట్టొద్దంది. అలాంటి చోట ఇద్దరి మాటా రాసుకుని, పక్కన కుండలీకరణంలో ఒక్కొక్కరికి ఎంతమంది పిల్లలో వేసుకున్నాడు. ఎక్కువమంది పిల్లలున్న ఆవిడ మాట ఖాయం.

"ఇదేటి నాన్నా, పంచాయతీ ఓట్లా?" అన్నాను నవ్వలేక. నవ్వితే కుట్లు లాగేవి.

"మరి ఎలగమ్మా తేల్సడం? నాకు తెలీదు కదా" అన్నాడు ఆయన సీరియస్‌గానే.

వంట ఆయనకి రాకపోలేదు. ఘాట్ సెక్షన్‌లో పని చేసిన రోజుల్లో గ్యాంగ్ గుడిసెల్లో పదిమందికి వండేవాడు. ఆ చెయ్యి ఇంకా తగ్గలేదు. మొదటి రోజు వెల్లుల్లి కారం చేస్తే ఇల్లంతా ఘాటెక్కి పాప తుమ్మింది. అన్నం నలుగురికి సరిపడా ఉంది. నా ముందు కంచం పెట్టి, నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే దాకా పక్కనే నిలబడ్డాడు. నాలిక మండిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "బాగుంది నాన్నా" అన్నాను. నెయ్యి గిన్నె తెచ్చి ఇంకో చెంచా వేశాడు.

పాపకి స్నానం చేయించడం మాత్రం ఆయన వల్ల కాలేదు, నావల్ల అసలే కాలేదు. నేను వంగలేను. అందుకని మా ఇంటి వెనక వరసలో ఉండే ఒకావిడ రోజూ పొద్దున్నే వచ్చేది. మా స్కూల్లోనే వంట చేస్తుంది. గిరిజనులావిడ, సొంత ఊరు లోయకి అవతలి అంచున, రైలు పట్టాల పక్కన. నలభై ఐదేళ్లుంటాయి. అక్కడ బడిలో నన్ను "మేడమ్" అనేది, ఇంటికొచ్చాక "టీచరమ్మా" అనేది, పాపని ఒళ్లో వేసుకున్నాక ఇక నన్ను ఏమీ అనేది కాదు, నేను అక్కడ లేనట్టే. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పాపని కాళ్ల మధ్యలో బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, శనగపిండితో నలుగు పెట్టి, వేణ్నీళ్లు వీపు మీద ధారగా పోసేది. పాప గుక్కపట్టి ఏడుస్తుంటే వాళ్ల భాషలో ఏదో మాట్లాడేది. మాటిమాటికీ "టొకి, టొకి" అని వినిపించేది. ఏమిటని అడిగాను. ఆడపిల్లట.

"మా టొకికి గొంతు బాగుంది. పెద్దయ్యాక నీలాగే బళ్లో అరుస్తది" అంది.

అప్పటికి వానలు పూర్తిగా వెనక్కి తగ్గాయి. పొద్దున్న ఏడున్నర వరకూ ఎదురిల్లు కూడా కనపడనంత మంచు. ఎనిమిదికి అది పల్చబడి, ఎనిమిదిన్నరకి ఒక్కసారిగా ఎండ వచ్చేది. కొండల్లో ఆశ్వయుజం ఎండకి కింద మైదానంలో ఎండకి పోలిక లేదు. వెచ్చగా ఉంటుంది గానీ కాల్చదు. నాన్న మడతమంచం వాకిట్లో వేసి, దాని మీద దుప్పటి పరిచేవాడు. స్నానం అయ్యి, సాంబ్రాణి పొగ పట్టిన పాపని ఆవిడ తెచ్చి అక్కడ పడుకోబెట్టేది. ఎండ పాప అరికాళ్ల మీద పడేట్టు నాన్న మంచం జరుపుతూ ఉండేవాడు, ఎండ జరిగినట్టల్లా. నేను గోడకి ఆనుకుని, తలకి గుడ్డ కట్టుకుని, కాళ్లు చాపుకుని కూర్చునేదాన్ని. మా గేటుకీ పక్కింటి గోడకీ మధ్య సందులోంచి ఎదుటి వాలు కనిపిస్తుంది. వలిసె చేలు పూతకొచ్చాయి. నూనె గింజల కోసం వేసే పంట అది, ఈ నెలల్లో కొండవాలంతా పసుపు అయిపోతుంది. ఆ సందులోంచి నాకు బెత్తెడు పసుపే కనిపించేది. రోడ్డు మీద కార్లు ఆ పూల కోసమే వెళ్తుండేవి. కింద నుంచి వచ్చిన వాళ్లు, కిటికీల్లోంచి సెల్‌ఫోన్లు బయటపెట్టి. ప్రతి ఏడూ మేమూ వెళ్లేవాళ్లం. ఈసారి నాకు గేటు దాకా నడిస్తేనే ఆయాసం.

రోడ్డు పక్కన బుట్టలు పెట్టుకుని సీతాఫలాలు అమ్మేవాళ్లు. పండి, కళ్లు విచ్చుకున్న కాయల వాసన ఎండ పెరిగేకొద్దీ మా వాకిట్లోకి వచ్చేది. నాకు ప్రాణం లాగేసేది. కడుపుతో ఉన్నప్పుడు కూడా దేనికీ అంత ఆశ పడలేదు.

"ఒక్కటి నాన్నా. ఒక్కటే."

ఆయన నోటుబుక్కు తీశాడు. "సీతాఫలం కూడదు. పడిశం పడతాది. తల్లికి పడితే పిల్లకీ పడతాది. నలుగురు పిల్లలున్నావిడ సెప్పింది."

"డాక్టరు తినొద్దని చెప్పలేదు."

"డాక్టరమ్మకి ఎంతమంది పిల్లలు?"

నాకు తెలియదు. మర్నాడు మళ్లీ అడిగాను, ఆ మర్నాడు కూడా. నాలుగో రోజు వాసన వస్తుంటే చిన్నపిల్లలా ఏడుపొచ్చేసింది. అప్పుడే పాప తల తుడుస్తున్న వంటావిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏటికి ఏడుస్తంది?" అని నాన్నని అడిగింది. నాన్న చెప్పాడు. ఆవిడ పెద్దగా నవ్వింది.

"మా కొండల్లో ఈ నెలల్లో అదే కదా బాబూ దొరికేది. నా కాన్పులన్నిటికీ తిన్నాను. ఏమీ కాలేదు."

నాన్న కళ్లజోడు సవరించుకున్నాడు. "నీకెంతమందమ్మా పిల్లలు?"

"ఐదుగురు."

ఆయన లేచి లోపలికి వెళ్లాడు. పెన్ను తెచ్చుకుని నోటుబుక్కులో ఒక గీత కొట్టి, కింద ఏదో రాశాడు. తర్వాత చొక్కా వేసుకుని గేటు తీసుకుని రోడ్డు మీదకి నడిచాడు. నాలుగు కాయలు తెచ్చి, అన్నిటిలోకీ బాగా పండింది ఏరి, చేత్తో విప్పి సగం నా చేతిలో పెట్టాడు. వెచ్చటి ఎండలో కూర్చుని, గింజలు అరచేతిలోకి ఉమ్ముకుంటూ తిన్నాను. ఆ రుచి ఇదీ అని చెప్పలేను గానీ, పాప పుట్టాక నా కోసం నేను సంతోషపడటం అదే మొదటిసారి.

ఇలా చెబుతుంటే రోజులన్నీ హాయిగా గడిచాయనిపిస్తుంది. గడవలేదు. సాయంత్రం నాలుగున్నరకి ఎండ కొండ వెనక్కి పోయేది. వెంటనే చలి. లోయలోంచి మంచు లేచి ఇళ్ల మధ్యకి వచ్చేది. సరిగ్గా ఆ వేళకి నాకు గుండెల్లో ఏదో బరువు మొదలయ్యేది. పాప పాలు తాగడానికి ఏడ్చేది, తాగాక ఏడ్చేది. నాకు పాలు చాలడం లేదేమో అని భయం. రొమ్ములు గట్టిపడి ముట్టుకుంటే మండేవి. కారణం లేకుండా కన్నీళ్లు కారిపోయేవి. పిల్లల మనస్తత్వం మీద పరీక్షలు రాసి ఉద్యోగం తెచ్చుకున్నదాన్ని, నా పిల్లకి ఏం కావాలో నాకు తెలిసేది కాదు. ఆ సమయంలో నాన్న కుంపటి రాజేసి గుమ్మం దగ్గర పెట్టి, తను బయటికి వెళ్లిపోయేవాడు. వాకిట్లో అటూ ఇటూ నడుస్తూ ఉండేవాడు. నా ఏడుపు చూడలేక తప్పుకుంటున్నాడని నాకు తెలుసు. తెలిసినా కోపం వచ్చేది.

దీపావళి వెళ్లిన నాలుగైదు రోజులకి ఒక సాయంత్రం పాప గంటసేపు ఆగకుండా ఏడ్చింది. నాన్న శొంఠి కాఫీ కలిపి తెచ్చి, నా చేతికి అందించబోయి, "కొంచెం వేడిగా తాగమ్మా, పాలు పడతాయి" అన్నాడు. నేను గ్లాసు తోసేశాను. కాఫీ ఆయన లుంగీ మీద పడింది.

"అమ్మ ఉంటే ఇలా ఉండేది కాదు" అన్నాను. "పుస్తకం చూసి వండటం కాదు నాన్నా. అమ్మకైతే తెలిసేది. నీకేం తెలుసు?"

ఆయన వంగి గ్లాసు తీసుకున్నాడు. గుడ్డ తెచ్చి నేల తుడిచాడు. తర్వాత వాకిట్లోకి వెళ్లి, మంచులో నడవడం మొదలుపెట్టాడు. నేను పాపని పట్టుకుని అలాగే కూర్చున్నాను. మాట వెనక్కి తీసుకోవాలనిపించింది, నోరు రాలేదు.

మర్నాడు పొద్దున్న ఎండలో మంచం వేశాడు మామూలుగానే. పాప నిద్రపోయింది. ఆయన నా పక్కన నేల మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్నాడు. నేను ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుంటే, ఆయనే తల ఎత్తకుండా మాట్లాడాడు.

"నిజమే సెప్పినావు. నాకు తెలీదు."

"కోపంలో అన్నాను నాన్నా."

"కాదమ్మా, ఇను. నువ్వు పుట్టినపుడు నాను ఘాట్‌లో ఉన్నాను. వానలు. సొరంగాల కాడ రాళ్లు జారీవి. రోజూ లైను సూసుకోవాల. సెలవడిగితే ఇచ్చీవోరే. అడగనేదు. ఆడోళ్ల పని, నానెల్లి సేసీదేటి అనుకున్నాను. మీ అమ్మమ్మ అప్పటికే మంచాన ఉంది. పక్క క్వార్టరోళ్లే సూసినారంట." ఒక రెబ్బ ఒలిచి గిన్నెలో వేశాడు. "ఇరవయ్యో రోజున వొచ్చినాను. మీ అమ్మ లేసి నాకు వండి పెట్టింది. నాను తినీసి పడుకున్నాను."

నేను పాప మొహం మీద వాలబోయిన ఈగని తోలాను.

"ఏటి తిన్నాదో, ఎప్పుడు పడుకున్నాదో, పాలు పడ్డాయో నేదో, ఏడిసిందో నేదో, ఒక్కటీ అడగనేదు నాను. అప్పుడూ అడగనేదు, తరవాతా అడగనేదు. ఇప్పుడు అడుగుదారంటే మనిసి నేదు. అందుకే ఊళ్లో అందర్నీ అడిగి రాసుకొచ్చినాను."

వెల్లుల్లి పొట్టు గాలికి లేచి ఆయన మోకాళ్ల మీద పడింది. దులుపుకున్నాడు. ఏడవలేదు, గొంతు కూడా మారలేదు. పట్టాల మీద ఎక్కడ బోల్టు వదులైందో పై అధికారికి చెప్పే మనిషిలా చెప్పాడు. అమ్మ ఎప్పుడూ ఈ సంగతి నాకు చెప్పలేదు. తన ఇరవయ్యో ఏట, వానలో, రెండు గదుల క్వార్టర్లో నన్ను పట్టుకుని ఒక్కతే కూర్చున్న అమ్మ నాకు మొదటిసారి కనిపించింది. నాకంటే చిన్నది అప్పుడు. అమ్మ మీద జాలి వేసింది. చిత్రంగా నాన్న మీద కూడా వేసింది.

"పాపని ఎత్తుకో నాన్నా" అన్నాను. వచ్చినప్పటి నుంచి ఆయన పాపని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదని నాకు అప్పుడే తట్టింది.

"సేతులు వెల్లుల్లి వాసన."

"దాని ఒళ్లంతా వెల్లుల్లి వాసనే. నా పాలే తాగుతోందిగా."

చేతులు కడుక్కుని వచ్చి, చాపాడు. నేను ఇచ్చాను. మెడ కింద చెయ్యి ఎలా పెట్టాలో చూపించాను. ఆయన చేతులు పెద్దవి, గరుకు. పాప ఆ అరచేతుల్లో దాదాపు మొత్తం పట్టింది. కళ్లు తెరిచి ఆయన వైపు చూసి, మళ్లీ మూసుకుంది. ఆయన ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఎండ జరిగిపోయేదాకా అలాగే నిలబడ్డాడు.

కార్తీకం సగానికి వచ్చేసరికి చోడి చేలు, అంటే రాగి చేలు, కోతకొచ్చాయి. వంటావిడ స్కూలుకి వారం సెలవు పెట్టి సొంత ఊరెళ్లింది. వెళ్తూ వెళ్తూ, "వారం తానం లేకపోయినా చావదు, తుడిచి ఉంచండి" అని చెప్పింది. మొదటి రోజు తుడిచాం. రెండో రోజు పాప మెడ మడతల్లో పాలు పులిసి వాసనేసింది. నేను పీట మీద కూర్చోబోతే నాన్న వద్దన్నాడు. లుంగీ మోకాళ్ల పైకి మడిచి, పీట వేసుకుని, గోడకి వీపు ఆనించి తనే కూర్చున్నాడు. కాళ్లు చాపాడు.

"ఇలా పెట్టు" అన్నాడు.

"నువ్వా నాన్నా?"

"ఆవిడ సేత్తంటే నెల్లాళ్లుగా సూత్తనే ఉన్నాను. బేగి పెట్టు, నీళ్లు సల్లారిపోతాయి."

బోర్లా పడుకోబెట్టాను. ఆయన పిక్కల మీద పాత దెబ్బల మచ్చలు, కంకర రాళ్లు తగిలినవి. వాటి మధ్య పాప. నూనె రాయడం బాగానే చేశాడు. పిండి రాస్తుంటే జారుతుందేమోనని ఒక చేత్తో నడుం పట్టుకుని వదల్లేదు, దాంతో ఒక్క చెయ్యే మిగిలింది. నీళ్లు నేను పోశాను. పాప గుక్కపట్టింది. ఆయనకి కంగారు పుట్టి ఏదో ఒకటి అనాలి కదా అని, "ఓలమ్మ, ఓలమ్మ, అయిపోనాది, అయిపోనాది" అంటూ మొదలుపెట్టి, ఇంకేం తోచక, కొత్తవలస నుంచి అరకు దాకా వరసగా స్టేషన్ల పేర్లు చెప్పడం మొదలుపెట్టాడు. రైలు కూత కూడా వేశాడు. పాప నిజంగానే ఏడుపు ఆపింది. నీళ్లు కారుతున్న మొహంతో గోడ వైపు చూస్తూ వింది. నాకు నవ్వు ఆగలేదు. కుట్లు లాగలేదని తర్వాత గమనించాను.

ఆ వారమంతా ఆయనే పోశాడు. వంటావిడ తిరిగొచ్చి పాపని చూసి, మెడ మడతలు తెరిచి పరీక్షించి, "బాగానే చేశావు బాబూ" అంది. ఆయన మొహం వెలిగిపోయింది. ఆవిడే అడిగింది, "టీచరమ్మా, నలభై రోజులు దాటిపోయాయి. మా ఊరు రా. ఇంటి పట్టున ఉండి ఉండి మొహం పాలిపోయింది" అని. నాన్న నోటుబుక్కు జోలికి పోలేదు. "ఏ రోజు వెళ్దారి?" అని మాత్రం అడిగాడు.

ఆదివారం వెళ్లాం. మా ఆయన కూడా వచ్చాడు, వారమంతా తోటల్లో తిరిగిన అలసటతో, చేతులకి కాఫీ పళ్ల జిగురు వాసనతో. వాళ్ల ఊరి దాకా ఆటో, అక్కడి నుంచి గట్ల మీద నడక. వంటావిడ నా వీపుకి పాపని గుడ్డతో కట్టింది. రెండు కొసలు భుజం మీంచి తెచ్చి గుండెల దగ్గర ముడి వేసింది. నాకు భయమేసింది గానీ, రెండడుగులు వేశాక పాప బరువు వెన్నుకి సరిగ్గా ఆనుకుని కూర్చుంది. చేతులు రెండూ ఖాళీ. నెలన్నర తర్వాత నా చేతులు ఊపుకుంటూ నడిచాను.

వాళ్ల చేలో ఆడవాళ్లు చోడి వెన్నులు కోసి బుట్టల్లో వేస్తున్నారు. ఆ చేను దాటగానే వలిసె. సందులోంచి చూసిన బెత్తెడు పసుపు ఇక్కడ నడుం దాకా ఉంది. తేనెటీగల రొద. నేను గట్టు మీద కూర్చుని పాపకి పాలిచ్చాను, కొంగు కప్పుకుని, ఎండలో. పాప తాగుతూ తాగుతూ పడుకుంది. సాయంత్రం వేళల భయం అప్పటికే కొద్దికొద్దిగా తగ్గుతోంది, ఎప్పుడు మొదలైందో తెలియనట్టే ఎప్పుడు తగ్గిందో కూడా తెలియలేదు. వంటావిడ నిప్పుల్లో కాల్చిన చిలగడదుంపలు తెచ్చి పెట్టింది. వేళ్లు కాలుతుంటే ఊదుకుంటూ, మసి అంటించుకుంటూ తిన్నాం. మా ఆయన రెండు తిని, గట్టు మీద వెల్లకిలా పడుకుని నిద్రపోయాడు.

కింద నుంచి వచ్చిన ఒక జంట పూలలో నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. ఆ అమ్మాయి వచ్చి, పాపని కాసేపు ఇస్తారా, పూల మధ్య ఒక ఫొటో అని అడిగింది. నేనేమైనా అనేలోపు నాన్న "దిష్టి తగులుతాదమ్మా" అని మర్యాదగా చెప్పేశాడు. వాళ్లు వెళ్లాక నా వైపు తిరిగి, "నాకు తీత్తావేటి ఒకటి?" అన్నాడు సిగ్గుపడుతూ. పాపని ఎత్తుకుని, పూలలోకి నాలుగడుగులు వేసి, గుర్తింపు కార్డుకి దిగినట్టు బిగుసుకుని నిలబడ్డాడు. నవ్వమన్నాను. నవ్వలేదు.

అప్పుడే చేను కింద పట్టాల మీద ఇనుప ఖనిజం మోసుకెళ్లే గూడ్సు వచ్చింది. పొడుగైన బండి. నాన్న ఫొటో సంగతి మర్చిపోయి అటు తిరిగాడు. అలవాటుగా ఒక అడుగు వెనక్కి వేసి, బండి మొదటి ఇంజను నుంచి చివరి పెట్టె దాకా చక్రాల వైపే చూస్తూ నిలబడ్డాడు. చివర్న గార్డు కనిపించగానే ఒక చేత్తో పాపని పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తాడు. అంత దూరం నుంచి ఎవరనుకున్నాడో ఏమో, గార్డు కూడా చెయ్యి ఎత్తాడు. ఆ ఫొటోలో నాన్న వీపు, పాప గుండు, ఎత్తిన చెయ్యి ఉన్నాయి.

డిసెంబరు మొదట్లో అత్తగారు కర్ర పట్టుకుని వచ్చారు. వంటగది ఆవిడ చేతిలోకి వెళ్లింది. నాన్న మూడు రోజులు ఉండి, కుక్కరు గోనెసంచిలో చుట్టుకుని శృంగవరపుకోటకి దిగిపోయాడు. వెళ్లేముందు ఆవిడకి కాయం ఉండల డబ్బా అప్పగించి, పొద్దున్నే పరగడుపున ఒకటి అని మూడుసార్లు చెప్పాడు. ఆవిడ తనకి ముగ్గురు పిల్లలని గుర్తు చేశారు. ఆయన ఒప్పుకుని ఊరుకున్నాడు.

ఇప్పుడు పాపకి రెండేళ్లు. నాన్న శుక్రవారం శుక్రవారం పొద్దుటి రైలుకి వస్తాడు. ఆ రోజు ఇక్కడ సంత. నేను బడికెళ్తాను. ఆయన పాపని నడిపించుకుంటూ సంతకి వెళ్తాడు. ముల్లంగి, చిక్కుడు, అల్లం కొంటాడు. పాప ప్రతి బుట్ట దగ్గరా ఆగుతుంది, ఆయనా ఆగుతాడు. మధ్యాహ్నం నేను వచ్చేసరికి కూర పొయ్యి మీద ఉంటుంది, ఉప్పు కొంచెం ఎక్కువగానే. మొన్న తింటూ ఆయన్ని అడిగాను, "అమ్మకి ఏ కూర ఇష్టం నాన్నా?" అని. "ఆనపకాయ అనుకుంటానమ్మా" అన్నాడు. తర్వాత, "సరిగ్గా తెలీదు" అన్నాడు. పాప కంచంలోంచి ఒక ముక్క తీసి ఆయన నోటికి అందించింది. ఆయన వంగి తిన్నాడు.